క్షేమవార్త వచ్చిన మరుక్షణం

సముద్రానికి అంత దూరంగా, అంత ఎత్తున ఉన్న ఊరికి తుఫాను గండం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. నార్త్ కరోలినా పడమటి కొండల్లో, సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉంటుంది ఆష్‌విల్. వాతావరణం ఎంత మారినా అక్కడ కాస్త నిశ్చింతగా బతకొచ్చని పేరు పడి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇళ్లు కొనుక్కున్నవాళ్లున్నారు. అమెరికా దేశపు వాతావరణ చరిత్రనంతా భద్రపరిచే జాతీయ కేంద్రం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. 2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలో పెర్రీ అనే చిన్న పట్టణం దగ్గర, గంటకు 225 కిలోమీటర్ల గాలులతో హెలీన్ హరికేన్ తీరం దాటింది. తెల్లవారేసరికి అది ఆ కొండల మీదికి చేరింది. అంతకు ముందు రోజుల్లో కురిసిన వానకే నేల నానిపోయి ఉంది. సముద్రపు తేమను మోసుకొచ్చిన గాలి కొండలకు తగిలి పైకి లేచి, ఉన్న నీళ్లన్నీ అక్కడే దింపేసింది. ఫ్రెంచ్ బ్రాడ్ నది 1916 నాటి వరద మట్టాన్ని దాటిపోయింది. 2,000కు పైగా చోట్ల కొండచరియలు విరిగిపడ్డాయి. పిజియన్ నది లోయలో 40వ నంబరు జాతీయ రహదారి అంచు కోసుకుపోయి నదిలో కలిసింది. దేశం మొత్తం మీద చనిపోయినవాళ్లు 250 మంది దాకా, ఒక్క నార్త్ కరోలినాలోనే 100కు పైన. 2005లో వచ్చిన కత్రినా తర్వాత అమెరికా ప్రధాన భూభాగంలో ఇంతమందిని పొట్టనపెట్టుకున్న హరికేన్ మరొకటి లేదు.

ఇవన్నీ మాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ శుక్రవారం పొద్దున తెలిసింది ఒకటే. ఫోన్లు పలకడం లేదు.

ఆష్‌విల్‌కు తూర్పున, స్వానానోవా నది ఒడ్డున, నది పేరే పెట్టుకున్న చిన్న ఊళ్లో మా స్నేహితుల కుటుంబం ఉంటోంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆ నెలలోనే గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ. మేముండే కేరీ అదే రాష్ట్రం. మధ్యలో దాదాపు 400 కిలోమీటర్ల దారి. మా ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి, కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయి. వాళ్లకు పంపిన మెసేజీల కింద మాత్రం ఒక్క టిక్కు. ఆ రెండో టిక్కు కోసం మనిషి ఎంత దీనంగా చూస్తాడో అనుభవించినవాళ్లకే తెలుసు. ఒకరికి చేస్తే మరొకరు పలకకపోతారా అని భర్త నంబరు, భార్య నంబరు, ఆయన పనిచేసే ఆసుపత్రి నంబరు. ఒక్కటీ కలవలేదు. ఉపగ్రహ చిత్రాలు పెద్దవి చేసి చూడటం, ఆ గోధుమ రంగు నీళ్ల మధ్య కనిపించే కప్పుల్లో వాళ్ల ఇంటి కప్పేదో పోల్చుకోవాలని ప్రయత్నించడం. పెద్దావిడకు రోజూ వేసుకోవలసిన మందులున్నాయన్న సంగతి గుర్తొచ్చి గుండె మరింత బరువెక్కడం.

అలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు మంచి మనసుతోనే ఒక మాట అంటారు. మన చేతిలో ఏముంది, భగవంతుడి మీద భారం వెయ్యి, చింత వదిలెయ్యి అని. ఆ మాట తప్పని అనను. కానీ నీళ్లలో ఉన్నది మరొకరైనప్పుడు, పొడినేల మీద ఉన్న మనిషి ఇంత తేలిగ్గా పొందగలిగే శాంతి ఎలాంటిదో ఆగి చూడాలనిపిస్తుంది. భారం భగవంతుడి మీద వెయ్యడం శరణాగతి కావచ్చు. భారం దించుకోవడం మాత్రమే కూడా కావచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. రెండింట్లోనూ మనిషి నిమ్మళంగా కాఫీ తాగుతాడు. తేడా తెలిసేది లోపల.

ఈ చింతను ముందుగా గౌరవించాలని నా నమ్మకం. తుడిచేయవలసిన మరకగా దాన్ని చూడకూడదు. నా ఒంటి మీద ఒక్క చినుకు పడలేదు. నా చర్మం హద్దు దాటి నాకే హానీ జరగలేదు. అయినా నిద్ర పట్టదు, ముద్ద దిగదు, చేతులు చల్లబడతాయి. ‘నేను’ అన్నది నిజంగా ఈ దేహం దగ్గరే ఆగిపోయేదైతే ఇది జరగవలసిన పని కాదు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ భార్య మైత్రేయికి చేసిన బోధ ఉంది. మనకు ఎవరు ప్రియమైనా వాళ్ల కోసం కాక ఆత్మ కోసమే ప్రియమవుతారని దాని సారం. పైపైన చదివితే అదేదో స్వార్థాన్ని సమర్థించినట్టు ఉంటుంది, అందరూ తమను తామే ప్రేమించుకుంటున్నారని చెప్పినట్టు. కానీ ఆ బోధ నడిచే దిక్కు వేరు. నువ్వు ‘నాది’ అని పట్టుకున్న ప్రతి ప్రేమలోనూ నిజంగా పలుకుతున్నది రెండు దేహాల మధ్య చీలని ఒకే ఆత్మ అని ఋషి చూపిస్తున్నాడు. స్వానానోవా ఒడ్డున నీళ్లు గడప దాటుతుంటే కేరీలో ఒకరి గుండె దడదడలాడటం ఆ అభేదానికి ఋజువు అంటే అతిశయోక్తి కాదనుకుంటాను. శాస్త్రం చదివి ఒప్పుకోవలసిన విషయం, చదవకపోయినా దేహానికి తెలుసు. అందుకే చింత వదిలెయ్యమని చెప్పేముందు, ఆ చింత ఎక్కడి నుంచి పుట్టిందో చూడాలి. అది పుట్టిన చోటు పవిత్రమైనది.

పుట్టిన చోటు పవిత్రమే. పారే దారి మాత్రం ఎప్పుడూ తేటగా ఉండదు.

దూరాన కూర్చుని తనవాళ్ల గురించి వార్తలడిగిన మనుషుల్లో మన సాహిత్యంలో మొదట గుర్తొచ్చేవాడు ధృతరాష్ట్రుడు. భగవద్గీత అంతా ఆయన అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులో భాగమే. అంత మహాగ్రంథం ఒక తండ్రి ఆందోళనతో మొదలవుతుంది. దానికి ముందు భీష్మపర్వంలో జరిగిన ఒక సంగతిని మనం తరచూ దాటిపోతాం. యుద్ధం మొదలుకాకముందే వ్యాసుడు వచ్చాడు. యుద్ధాన్ని చూడదలిస్తే చూపునిస్తానని ధృతరాష్ట్రుడితో అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చీకటిలోనే ఉన్న మనిషికి కళ్లిస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు. బంధువులు చంపుకోవడం చూడలేను, వింటాను అన్నాడు. అప్పుడు ఆ దివ్యదృష్టి సంజయుడికి దక్కింది.

చూడను, వింటాను. ఈ కోరికను ఎంతసేపు తలచుకున్నా తరగదు. చూపు ఎంచుకోనివ్వదు. కళ్లు తెరిస్తే దుర్యోధనుడితో పాటు అభిమన్యుడూ కనిపిస్తాడు, ఏ పక్షానిదో తెలియని ఏనుగు రక్తం కారుతూ పడిపోవడం కనిపిస్తుంది. ఊరూ పేరూ లేని సైనికుడి ఆఖరి చూపు కూడా తప్పించుకోలేం. వినికిడిని మాత్రం నడిపించుకోవచ్చు. నా కొడుకులేం చేశారు, పాండువు కొడుకులేం చేశారు అని అడిగేటప్పుడే ఆయన కురుక్షేత్రాన్ని రెండుగా కోశాడు. ఆ ప్రశ్నలో పద్దెనిమిది అక్షౌహిణులు లేవు, రెండు కుటుంబాలున్నాయి. ఆ ముసలి తండ్రి వేదన అబద్ధమని కాదు. అది నిజమైన వేదన. నిజమైన వేదన కూడా చుట్టూ గోడ కట్టుకుంటుందన్నదే అక్కడ నేర్చుకోవలసిన విషయం. ఆయన అంధత్వాన్ని మన పెద్దలు మమకారమని వ్యాఖ్యానిస్తూ వచ్చారు. నా మటుకు నాకు, కళ్లు లేకపోవడంలో కన్నా ఇస్తానన్న కళ్లను కాదనడంలో ఆ మమకారం ఎక్కువగా కనిపిస్తుంది.

వరద చిత్రాలను పెద్దవి చేసి ఒకే ఒక కప్పు కోసం వెతికేటప్పుడు, పక్కనున్న కప్పులు కేవలం ఆనవాళ్లుగా మారిపోతాయి. ఆ ఎర్ర కప్పుకు రెండిళ్ల అవతల కదా మనవాళ్లది అని లెక్క కట్టడానికి పనికొచ్చే గుర్తులు. ఆ ఎర్ర కప్పు కింద ఎవరున్నారో ఎవరడుగుతారు? వాళ్ల కోసం మరెక్కడో మరొకరు ఇదే చిత్రాన్ని పెద్దది చేసి చూస్తుంటారు. వాళ్ల కంటికి మనవాళ్ల కప్పు ఒక గుర్తు.

ఆదివారం సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను. ఎవరిదో ఉపగ్రహపు ఇంటర్నెట్ పెట్టె దగ్గర వరసలో నిలబడి చేసింది. గొంతు తెగుతూ అతుకుతూ వచ్చింది.

“అక్కా, బానే ఉన్నాం. అందరం బానే ఉన్నాం. అత్తమ్మ మందులు నీళ్లలో పోలేదు. అక్కా, మా పక్కింటి పెద్దాయన కనపడట్లేదక్కా. కుక్కని తీసుకురావడానికి వెనక్కెళ్లాడు. రెండ్రోజులైంది.”

అంతే, తెగిపోయింది.

నాకు ముందు వినిపించింది బానే ఉన్నాం అన్న మాట. ఆ మాటతో లోపల ఏదో ఒక్కసారిగా విడిపోయింది, ఊపిరి వచ్చింది, కన్నీళ్లు వచ్చాయి, దేవుడి పటం వైపు చేతులు వాటంతటవే జోడయ్యాయి. పెద్దాయన సంగతి ఆ తర్వాత వినిపించింది. చెవిలో పడ్డది అప్పుడే, మనసు వరకు రావడానికి మాత్రం కాస్త సమయం పట్టింది. ఈ రెండు వినికిడుల మధ్య ఉన్న సందు గురించే ఈ వ్యాసం రాస్తున్నాను. చింత గురించి మన గ్రంథాల్లో, ప్రవచనాల్లో చాలా ఉంది. చింత తీరిన క్షణం గురించి అంత ఎక్కువగా వినం. మనిషి లోపలి కట్టడం బయటపడేది మాత్రం ఆ క్షణంలోనే. వార్త రాకముందు నా బాధ అంతా కరుణే అని ఎవరైనా అనుకోవచ్చు. వార్త వచ్చాక అందులో ఎంత మిగిలింది? మిగిలినది కరుణ. పోయినది మరొకటి.

ఈ విషయాన్ని నాకు తెలిసి అందరికన్నా సూక్ష్మంగా చూసినవాడు బుద్ధఘోషుడు. ఐదవ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో ఆయన రాసిన విశుద్ధిమార్గంలో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అన్న నాలుగు భావనలను ఎలా సాధన చేయాలో విస్తారంగా ఉంది. ప్రతి సద్గుణానికీ ఇద్దరు శత్రువులుంటారంటాడాయన, ఒకరు దూరపు శత్రువు, ఒకరు దగ్గరి శత్రువు. కరుణకు దూరపు శత్రువు హింస. అది ఎదురుగా వస్తుంది, సులువుగా గుర్తుపడతాం. దగ్గరి శత్రువు మాత్రం కరుణలాగే నడుస్తుంది, కరుణలాగే ఏడుస్తుంది. అది నాదనుకున్నది పోతుందేమోనన్న సంసారపు దుఃఖం. చూసేవాళ్లకే కాదు, అనుభవించేవాళ్లకు కూడా రెంటికీ తేడా తెలియదు. అందుకే అది దగ్గరి శత్రువు.

ఆయన మరో పరీక్ష కూడా చెప్పాడు. ఒక సాధకుడు ముగ్గురితో కలిసి కూర్చుని ఉన్నాడు. ఒకరు ఆత్మీయుడు, ఒకరు ముక్కూమొహం తెలియనివాడు, ఒకరు పగవాడు. దొంగలు వచ్చి, బలి ఇవ్వడానికి మీలో ఒకరిని ఇవ్వమన్నారు. ఫలానావాడిని తీసుకుపొండి అని తోస్తే అతడి మైత్రికి ఇంకా హద్దులున్నట్టే. ఇంతవరకు ఎవరైనా చెప్పగలిగేదే. తర్వాతి మాట దగ్గర ఎవరైనా ఆగిపోతారు. నన్ను తీసుకుపొండి అన్నా హద్దులున్నట్టే. ఎందుకంటే అప్పుడు కూడా నలుగురిలో ఒకరిని వేరు చేసి చూశాడు. ఇవ్వదగినవాడు ఈ నలుగురిలో ఒక్కడూ కనపడనప్పుడే సీమ, అంటే ఆ హద్దు, చెదిరినట్టు. త్యాగాన్ని కూడా ఆ తూకంలో పెట్టి, తక్కువైందని చెప్పగల గ్రంథం అరుదు.

హరికేన్ సమయంలో ఈ దొంగల ప్రశ్న కథగా మిగలదు. తుఫాను ఎటు వెళ్తుందో చూపే మ్యాపు మీద గరాటులాంటి ఒక ఆకారం గీస్తారు. చాలాసార్లు కన్ను ఆ గీతల మధ్యే ఎక్కడో తీరం దాటుతుంది. ఆ మ్యాపు ముందు కూర్చుని, స్వామీ, మావాళ్ల ఊరి మీదకు రానివ్వకు అని దండం పెట్టుకోని మనిషి ఉండడు. తీరం దాకా వచ్చిన తుఫాను సాధారణంగా ఎక్కడో ఒకచోట దాటుతుంది. మావాళ్ల ఊరు కాదు అన్నప్పుడు ఆ మాట వెనక, పైకి అనకపోయినా, మరొక ఊరి పేరు ఉంటుంది. పలికేవాళ్లకు ఆ ఊరి పేరు తెలియకపోవచ్చు, భగవంతుడికి తెలుసు. భక్తితో చేసిన ప్రార్థన ఇలా ఎవరినో అప్పగిస్తుందని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అలాగని నావాళ్లను కాపాడమని అడగకుండా ఉండగలమా? అడక్కుండా ఉండటం కృత్రిమం. బిడ్డ పేరు పెట్టి పిలవని తల్లి ఎక్కడుంది?

గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు తనకు ప్రియమైన భక్తుడి లక్షణాలు చెప్పేటప్పుడు ఒకే శ్లోకంలో మూడింటిని పక్కపక్కన పెట్టాడు. ప్రాణులన్నిటి మీద స్నేహం, కరుణ, వాటి వెంటనే నాదన్నది లేకపోవడం. మన ప్రవచనాల్లో తరచుగా ఈ మూడోదాన్ని విడదీసి, నాదన్నది పోవాలంటే పట్టించుకోవడం మానాలన్నట్టుగా చెప్పేస్తారు. కృష్ణుడు అలా విడదీయలేదు. స్నేహం ముందుంది, కరుణ వెంట ఉంది, మమకారం లేకపోవడం వాటి తర్వాత వచ్చింది. ప్రేమించడం మానినవాడికి మమకారం పోవడం గొప్ప కాదు, అక్కడ పోవడానికి ఏమీ లేదు. ప్రేమ ఉండి, దాని చుట్టూ ఉన్న కంచె మాత్రమే పోవాలి. అందుకని ఆత్మీయుల పేరు మొదట రావడంలో దోషం లేదు. బుద్ధఘోషుడు కూడా మైత్రి భావనను తనతో మొదలుపెట్టి, ప్రియమైనవాళ్ల మీదికి, తర్వాత తెలియనివాళ్ల మీదికి, చివరకు పగవాళ్ల మీదికి తీసుకెళ్లమన్నాడు. పేరు మొదలు కావాలి. పేరు దగ్గరే ఆగిపోవడంతోనే చిక్కు.

పతంజలి ఈ నాలుగు భావనలనే యోగసూత్రాల మొదటి పాదంలో చెప్తూ, వీటివల్ల చిత్తం తేటపడుతుందన్నాడు. సాధారణంగా మనం దీన్ని తిరగేసి ఆచరిస్తాం. ముందు నా మనసు కుదుటపడనీ, ఆ తర్వాత ఇతరుల కష్టం చూస్తాను అంటాం. పతంజలి వరస అది కాదు. దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణే మనసును కుదుటపరిచే సాధనం. నావాళ్ల కోసమే తిరుగుతున్న చింత సుడిగుండంలాగా తన చుట్టూ తాను తిరిగి లోతుకు లాగుతుంది. అదే చింత పక్కింటి పెద్దాయన వరకు, ఎర్ర కప్పు కింది మనుషుల వరకు పారితే, దుఃఖం తగ్గదు గానీ ఊపిరాడుతుంది. ఆ వారంలో నేను చూసిన మనుషుల్లో ఎక్కువ నిబ్బరంగా ఉన్నవాళ్లు, తమవాళ్ల కబురు తెలిసినవాళ్లు కాదు. తమవాళ్ల కబురు ఇంకా తెలియకపోయినా నీళ్ల సీసాలు కార్లలో ఎక్కించుకుంటూ ఉన్నవాళ్లు.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వైర్లు తెగి, రోడ్లు తెగి, ఏం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. చుట్టాలున్నవాళ్లు విజయవాడ నుంచి, గుడివాడ నుంచి బయలుదేరి బురదలో నడిచి వెళ్లారు. తమవాళ్లను వెతుక్కుంటూ వెళ్లినవాళ్లలో ఎందరో అక్కడే ఉండిపోయి, ఎవరివో తెలియని శవాలకు దహనం చేశారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి తారలు జోలె పట్టి ఊళ్లు తిరిగారు. మండలి వెంకట కృష్ణారావు ఆ సీమను మళ్లీ నిలబెట్టే పనిలో పడి దివిసీమ గాంధీ అనిపించుకున్నారు. తనవాళ్లను వెతుకుతూ బయలుదేరి, పరాయివాళ్లకు కొడుకై కొరివి పెట్టినవాడు ఏ వేదాంతం చదివాడో నాకు తెలియదు. ఆ చేతికి సీమ చెదిరిందని మాత్రం తెలుసు.

దూరాన ఉండి ఎదురుచూసినవాళ్లలో ధృతరాష్ట్రుడికి ఎదురు కొసన నిలిచేది భరతుడు. పద్నాలుగేళ్లు. అడవిలో ఉన్న అన్నకు ఏమవుతోందో తెలియదు. నందిగ్రామంలో జటలు కట్టుకుని, నారబట్టలు కట్టుకుని, పండ్లు దుంపలు తింటూ గడిపాడని అందరం చెప్పుకుంటాం, కళ్లు తుడుచుకుంటాం. ఆయన చేసిన రెండో పనిని అంతగా చెప్పుకోం. రాముడు తిరిగి వచ్చాక భరతుడు రాజ్యం అప్పగిస్తూ ఒక లెక్క చెప్పాడు. ధనాగారం, ధాన్యపు కొట్లు, నగరం, సైన్యం అన్నీ నీ తేజస్సు వల్ల పదింతలయ్యాయి, చూసుకో అన్నాడు. అంటే ఆ ఎదురుచూపు అంతా పాదుకల ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టడంలోనే గడవలేదు. ఆ బెంగ రోజూ పొద్దున్నే లేచి కాలవలు చూసింది, కొట్లు నింపింది, తగవులు తీర్చింది. అన్న ఒక్కడి మీద బెంగ కోసల దేశం మొత్తానికి అన్నమైంది. బెంగ తగ్గిందా అంటే లేదు. గడువు దాటితే అగ్నిలో ప్రవేశిస్తానన్న ప్రతిజ్ఞ అలాగే ఉంది. అంత తీవ్రమైన ప్రేమ, అంత విశాలమైన పని ఒకే మనిషిలో ఉన్నాయి. మనసును చంపుకోకుండానే కంచె తీసేయవచ్చని నాకు భరతుడిలో కనిపిస్తుంది.

ఆ కథలోనే మరో అంశం ఉంది. లంక నుంచి తిరిగి వస్తూ రాముడు భరద్వాజాశ్రమంలో ఆగి, ముందుగా హనుమంతుణ్ణి నందిగ్రామానికి పంపాడు. ఎదురుచూస్తున్నవాడి ప్రాణం ఎలా ఉంటుందో రాముడికి తెలుసు. కష్టం దాటినవాడికి, తన కోసం కలతపడుతున్నవాళ్ల పట్ల ఒక ఋణం ఉంటుంది. ఆ కబురు మోయడానికి ఆయన ఎంచుకున్నది సముద్రం దాటినవాణ్ణి. కబురు మోయడం అంత పెద్ద పని మరి. పశ్చిమ నార్త్ కరోలినాలో ఫోన్లన్నీ పడిపోయిన ఆ రోజుల్లో, మిసిసిపీ నదికి తూర్పున అన్నిటికన్నా ఎత్తయిన మిచెల్ శిఖరం మీది హామ్ రేడియో కేంద్రం పనిచేస్తూనే ఉంది. ఊరూపేరూ తెలియని ఔత్సాహికులు తమ బ్యాటరీలు ఖర్చుపెట్టి, ఫలానా రోడ్డులో ఫలానా ఇంట్లో ముసలావిడ క్షేమం, ఆక్సిజన్ కావాలి, ఫలానా కొండ దారి మూసుకుపోయింది అని ఒకరి నుంచి ఒకరికి అందించారు. బ్లూ రిడ్జ్ పబ్లిక్ రేడియో వినడానికి జనం కార్లలో కూర్చునేవారు. రోడ్లు లేని చోట్లకు కంచర గాడిదల మీద సామాను వెళ్లింది. తమవాళ్లు కాని వాళ్ల క్షేమవార్తను తమవాళ్లు కాని మరొకరికి చేరవేసిన ఆ గొంతులను నేను హనుమత్ స్వరూపాలనే అనుకుంటాను. వాళ్లకు ఆ పేరు తెలియనక్కర్లేదు.

మా స్నేహితుల పక్కింటి పెద్దాయన దొరికాడు, ప్రాణాలతోనే. కుక్క కూడా. మరో వీధిలో దొరకనివాళ్లున్నారు.

క్షేమం అన్న మాట చెప్పినంత తేలికగా కష్టం ముగియలేదు. ఊరికి నీళ్లిచ్చే జలాశయం బురదమయమై, పైపులు కొట్టుకుపోయి, ఆష్‌విల్ కుళాయిల్లో తాగడానికి పనికొచ్చే నీళ్లు మళ్లీ వచ్చింది నవంబరు 18న. 53 రోజులు. మనవాళ్లు బానే ఉన్నారట అని ఫోన్లలో చెప్పుకుని మేమంతా ఊపిరి పీల్చుకున్నాక, అన్ని రోజులు అక్కడి తల్లులు బకెట్లు పట్టుకుని వరసల్లో నిలబడ్డారు. వార్త విని మనసు మూసుకునే తలుపుకు, ఆ 53 రోజులకు మధ్య ఎంత దూరమో అప్పుడు అర్థమైంది. ఆ దూరం 400 కిలోమీటర్ల కన్నా ఎక్కువ.

హెలీన్ వెళ్లిన రెండు వారాలకే మిల్టన్ హరికేన్ వచ్చింది. అక్టోబరు 9. అందరి కళ్లూ ఫ్లోరిడాలోని టాంపా మీదే. అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాకు తెలిసినవాళ్లున్నారు. సముద్రం పొంగి టాంపా అఖాతంలోకి వస్తుందని, ఇళ్లు వదలండని మేయర్ గట్టిగా హెచ్చరించింది. ఆ సాయంత్రం మా ఇంట్లో దీపం పెట్టి, ముందు వాళ్ల పేర్లే చెప్పుకున్నాను. తర్వాత మ్యాపులో ఆ గరాటు ఆకారం కింద ఉన్న ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. బ్రాడెంటన్, సరసోటా, వెనిస్, ఆర్కేడియా. ఎవరూ తెలియదు ఆ ఊళ్లలో. దీపం ముందు నుంచి లేచేలోపే, టాంపా నుంచి ఏ కబురూ రాకముందే, సహాయానికి ఇవ్వదలచిన డబ్బు పంపేశాను. కబురు వచ్చాక పంపితే ఆ చేతిని నడిపేది ఊరట అవుతుంది. మంచి కబురైతే ఊరటకు కృతజ్ఞతగా, చెడు కబురైతే దుఃఖానికి ఓదార్పుగా. రెండింటికీ ముందే పని జరిగిపోవాలని నా ఆలోచన. ఇప్పుడు ఏ తుఫానుకైనా ఇదే వరస పెట్టుకున్నాను.

తెల్లవారుతుండగా ఫోను మోగింది. “అక్కా, మాకు తప్పింది. దక్షిణానికి తిరిగి సియెస్టా కీ దగ్గర దాటింది.”

సంతోషం. నిజమైన సంతోషం. దాని వెంటనే అడిగాను, అక్కడ ఎలా ఉందట అని. వాళ్లకూ తెలియదు, కరెంటు లేదు. పగలయ్యాక వార్తల్లో చూస్తే, మిల్టన్‌కు బలైనవాళ్లలో ఆరుగురు టాంపాలో గానీ సరసోటాలో గానీ లేరు. ఫ్లోరిడాకు ఆ అవతలి ఒడ్డున, ఫోర్ట్ పియర్స్ దగ్గర, స్పానిష్ లేక్స్ అనే వృద్ధుల కాలనీలో, తుఫాను కన్ను తీరం దాటడానికి కొన్ని గంటల ముందే దాని అంచు నుంచి పుట్టిన టోర్నడో వల్ల చనిపోయారు. ముందు రోజు సాయంత్రం నేను చదివిన ఊళ్ల పేర్లలో ఫోర్ట్ పియర్స్ లేదు. పడమటి వైపు పేర్లే చదివాను.

అప్పటి నుంచి మ్యాపు రెండు తీరాలూ చదువుతున్నాను.